పదిమందిలో ఒకళ్లు

2024 జూన్ 4, మంగళవారం. పొద్దున్న పదకొండు కూడా కాలేదు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద అప్పటికే జనం. బైకుల సైలెన్సర్లు పీకేసిన కుర్రాళ్లు, జెండాలు, పొగ, పదివేలవాలా చప్పుడు. ట్రాఫిక్ ఆగిపోయిన బస్సులోంచి ఒకాయన తల బయటపెట్టి "ఎన్నంట?" అని అడిగాడు. కింద నుంచి ఎవరో "నూట యాభై దాటిందంట" అన్నారు. "ఎవరికి?" అని ఆయన మళ్లీ అడగలేదు. చేతుల్లో జెండాలు చూస్తే తెలిసిపోతోంది కదా.

నేను అక్కడే, టీ కొట్టు పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాను. ఆఫీసులో సెలవు పెట్టి మరీ హైదరాబాదు నుంచి వచ్చాను (కారణం దగ్గర "వ్యక్తిగతం" అని రాశాను. ఎన్నికల ఫలితాల కంటే వ్యక్తిగతమైనది మాకు ఇంకేముంటుంది చెప్పండి). మే 13న ఓటెయ్యడానికి కూడా వచ్చాను. అప్పుడు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు కదిలితే ఒట్టు. సంక్రాంతికి కూడా అంత రద్దీ నేను చూడలేదు.

మా ఇల్లు ఏ పార్టీయో చెప్పను. 2019లో మా ఇంట్లో టీవీ మధ్యాహ్నానికల్లా కట్టేశాం, 2024లో రాత్రి రెండింటిదాకా పెట్టే ఉంచాం. మిగతాది మీరే పూరించుకోండి :)

అసలు ఈ బెంజ్ సర్కిల్ గురించి కొంచెం చెప్పాలి. మద్రాసు - కలకత్తా రోడ్డూ, హైదరాబాదు - బందరు రోడ్డూ ఇక్కడే కలుస్తాయి. ఫ్లైఓవర్ రాకముందు మధ్యలో కాకాని వెంకటరత్నం గారి విగ్రహం ఉండేది. 1972 జై ఆంధ్ర ఉద్యమం తెలిసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటారు. 2020 జనవరిలో అమరావతి ఆందోళనప్పుడు చంద్రబాబు నాయుడిని పోలీసులు అదుపులోకి తీసుకుంది కూడా ఇక్కడే. రాష్ట్రం విడిపోయాక ముగ్గురు... అంటే మూడుసార్లు జరిగిన ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారాలూ మా చుట్టుపక్కలే. 2014లో నాగార్జున యూనివర్సిటీ ఎదురుగా, 2019లో బందరు రోడ్డు మీదున్న ఇందిరాగాంధీ స్టేడియంలో, 2024లో గన్నవరం దగ్గర కేసరపల్లిలో. ఎవరు గెలిచినా మాకు గ్యారంటీగా దక్కేది మాత్రం ట్రాఫిక్ మళ్లింపు.

సరే, ఆ రోజు పదకొండింటికి నేను చేసిన పని చెప్తాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా బంధువులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొత్తం నలభై మూడు మంది. అందులో మా మావయ్య (అమ్మకి అన్నయ్య) అవతలి పార్టీ. ఆ పార్టీ వాళ్లు ఎన్నికల ముందు "వై నాట్ 175?" అన్నారు కదా, మావయ్య కూడా పోలింగుకి వారం ముందు గ్రూపులో ఆ మాటే పెట్టాడు. టీవీలో వాళ్ల అంకె పది, పన్నెండు మధ్య ఊగుతుంటే నేను ఇలా కొట్టాను: "మావయ్యా, 175లో 1 మిగిలింది, పక్కన ఇంకో 1 పెట్టుకోండి, క్రికెట్ టీము అవుతుంది."

పన్నెండుమంది నవ్వుల బొమ్మలు పెట్టారు. రెండు నిమిషాల తర్వాత "మావయ్య గ్రూపు నుంచి వైదొలిగారు" అని వచ్చింది. ఆయన వెనకే బావ, బావ వెనకే అక్క (బావ భార్య). అంతే, నలభై మూడు కాస్తా నలభై అయింది.

సాయంత్రం అమ్మ ఒక్క ముక్కే అంది: "నువ్వు గెలిచావేంట్రా?"

---

ఆ రాత్రి నిద్ర పట్టక, అలవాటు ప్రకారం ఎక్సెల్ తెరిచాను. మా వృత్తిలో ఉన్నవాళ్లకి బాధొస్తే చేసే పని అదే కదా. తర్వాత పూర్తి లెక్కలు వచ్చాక మళ్లీ కూర్చుని సరిచూశాను. మీకూ చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

2019: వైకాపాకి 151 సీట్లు, తెదేపాకి 23, జనసేనకి 1. 
2024: తెదేపాకి 135, జనసేనకి 21 (పోటీ చేసినవన్నీ), భాజపాకి 8, వైకాపాకి 11.

ఇవి చూస్తే ఐదేళ్లలో రాష్ట్రం తలకిందులైంది అనిపిస్తుంది. ఇప్పుడు ఓట్ల శాతం చూడండి. 2019లో ఓడిన తెదేపాకి వచ్చింది 39.17 శాతం. 2024లో ఓడిన వైకాపాకి వచ్చింది 39.37 శాతం.

నేను ఆ రెండు గడులనీ చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. 39కి 39! ఎవరు ఓడినా వందకి ముప్పై తొమ్మిది మంది ఆ ఓడినవాళ్ల వెనకే నిలబడి ఉన్నారు. అవే ముప్పై తొమ్మిదికి ఒకసారి 23 సీట్లొస్తే, ఇంకోసారి 11 వచ్చాయి. సీట్ల లెక్కలో "తుడిచిపెట్టుకుపోయారు" అంటాం. మనుషుల లెక్కలో ఎవరూ ఎక్కడికీ పోలేదు. మన వీధిలోనే, మన వాట్సాప్ గ్రూపులోనే ఉన్నారు.

గెలిచినవైపు చూద్దాం. 2019లో వైకాపాకి 49.95. 2024లో అదే పార్టీ 39.37కి దిగింది. అంటే వందకి పది, పదకొండు. పదిమందిలో ఒక్కళ్లు మనసు మార్చుకున్నారన్నమాట. రెండోది, 2019లో తెదేపా, జనసేన, భాజపా విడివిడిగా తెచ్చుకున్న ఓట్లు కలిపితే 45న్నర. 2024లో కలిసి పోటీ చేస్తే 55 దాటింది. ఆ పదిమందిలో ఒకరు అటు నుంచి ఇటు వచ్చారు, విడిగా ఉన్నవాళ్లు ఒక గూటికి చేరారు. ఈ రెండూ కలిస్తే 151 కాస్తా 11 అవుతుంది. ఎక్కువ ఓట్లొచ్చినవాడు గెలిచే పద్ధతిలో ఇదే గమ్మత్తు. తరగతిలో అందరికీ రెండు మార్కులు తగ్గితే మొత్తం క్లాసు ఫెయిలైనట్టు.

ఇది మన దగ్గరే కాదు. 2023 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్‌కీ బీఆర్ఎస్‌కీ ఓట్లలో తేడా రెండు శాతం చిల్లర. సీట్లు 64, 39. మన లెక్కింపు రోజునే ఒడిషాలో కూడా లెక్కపెట్టారు. అక్కడ నవీన్ పట్నాయక్ పార్టీకి అసెంబ్లీలో 40.22 శాతం, భాజపాకి 40.07. ఓట్లు ఎక్కువొచ్చిన బిజూ జనతా దళ్‌కి 51 సీట్లు, ఓ పిసరు తక్కువొచ్చిన భాజపాకి 78! ఇరవై నాలుగేళ్ల ప్రభుత్వం అలా వెళ్లిపోయింది.

మా ఊళ్లోనే చూడండి. విజయవాడ సెంట్రల్‌లో 2019లో మల్లాది విష్ణు గెలిచింది 25 ఓట్ల తేడాతో. పాతిక! మా అపార్టుమెంటులో పోలింగు రోజు "ఎండగా ఉంది, సాయంత్రం వెళ్దాంలే" అని ఉండిపోయినవాళ్లే అంతకంటే ఎక్కువ ఉంటారు. అప్పుడు ఓడిన బొండా ఉమ 2024లో 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

గన్నవరం ఇంకా తమాషా. 2019లో తెదేపా తరఫున వల్లభనేని వంశీ, వైకాపా తరఫున యార్లగడ్డ వెంకట్రావు. వంశీ 838 ఓట్లతో గెలిచారు. 2024లో మళ్లీ వాళ్లిద్దరే పోటీ. కాకపోతే ఈసారి వంశీ వైకాపా, యార్లగడ్డ తెదేపా! కండువాలు మార్చుకున్నారు. యార్లగడ్డ 37 వేల పైచిలుకుతో గెలిచారు. విజయవాడ పార్లమెంటుకైతే అన్నదమ్ములే పోటీ పడ్డారు. 2019లో తెదేపా ఎంపీగా గెలిచిన కేశినేని నాని 2024లో వైకాపా నుంచి నిలబడి, తెదేపా నుంచి నిలబడ్డ తమ్ముడు చిన్ని చేతిలో ఓడిపోయారు.

నాయకులు అంత సుళువుగా అటూ ఇటూ వెళ్లొస్తుంటే, వాళ్ల కోసం మనం మేనమావతో మాటలు మానేస్తున్నాం. ఇందులో తెలివైనవాడు ఎవడో నాకు అర్థం కాలేదు.

---

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

మా అమ్మకి పార్టీ ఎలా వచ్చిందో తెలుసా? పొలంతో. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, తొమ్మిది నెలలు తిరిగేసరికి 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు, ఇదంతా అందరికీ తెలిసిందే. ఆ ప్రభుత్వమే తర్వాత ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో పాటు ఆడపిల్లలకీ సమాన వాటా అని చట్టం మార్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకి వర్తించదు. మా అమ్మ పెళ్లి 1987లో. దేశం మొత్తానికి అలాంటి చట్టం 2005లో గానీ రాలేదు. కంకిపాడు అవతల తాతయ్య పొలంలో అమ్మకి ముప్పావు ఎకరం వచ్చింది. నా ఇంజనీరింగు ఫీజు ఆ ముప్పావు ఎకరమే.

మరి ఆ ముప్పావు ఎకరం ఎవరి వాటాలోంచి తగ్గింది? మావయ్య వాటాలోంచి :) ఆయన ఒక్క మాట అనకుండా సంతకం పెట్టాడు. ఇది నేను చాలా ఏళ్లు ఆలోచించనే లేదు.

మావయ్యకి పార్టీ గుండెతో వచ్చింది. నేను అలంకారానికి అనడం లేదు. 2007లో వైఎస్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లకి మావయ్యకి గుండె ఆపరేషన్. తెల్లకార్డు మీద చేశారు, చేతి నుంచి ఖర్చయింది ఆటో డబ్బులు, కొబ్బరిబోండాలు. చొక్కా గుండీ విప్పి ఆ కుట్టు చూపించి "ఇదిగోరా నా మేనిఫెస్టో" అనేవాడు. ఆ మనిషికి నేను ఏ ఎక్సెల్ చూపించి పార్టీ మార్చమంటాను?

ఢిల్లీ టీవీల్లో కూర్చున్నవాళ్లు ప్రాంతీయ పార్టీలంటే కులం, కుటుంబం, సినిమా అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ మూడూ లేవని నేననను, పుష్కలంగా ఉన్నాయి. కానీ మా రెండిళ్లలో పార్టీ అనేది ఒక ముప్పావు ఎకరం, ఒక ఆపరేషన్. 2014 నుంచి మన అసెంబ్లీలో కాంగ్రెస్‌కి వరుసగా మూడుసార్లు సున్నా. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 156 గెలిచిన పార్టీ అది. విభజన కోపం ఒక కారణం, నిజమే. ఇంకో కారణం, జనానికి చేతికందేవి ఏవైనా వాళ్లకి మొహం తెలిసిన నాయకుడి పేరుతోనే గుర్తుంటాయి.

చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. ఇచ్చినదానికి పేరు అతికిస్తే, ప్రభుత్వం మారగానే పేరుతో పాటు ఇచ్చింది కూడా పీకేస్తారు. మా భాషలో దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. కొత్త వెర్షన్‌లో ఏదో తప్పుంటే ఆ ఒక్కటీ సరిచెయ్యాలి. అలా కాకుండా కోపంతో మొత్తం వెనక్కి తిప్పితే, బాగా పనిచేస్తున్నవి కూడా పోతాయి. 2018లో అయిదు రూపాయల అన్న క్యాంటీన్లు వచ్చాయి, 2019 తర్వాత మూతపడ్డాయి, 2024 ఆగస్టు 15న గుడివాడతో మొదలై మళ్లీ తెరుచుకున్నాయి. మధ్యలో ఐదేళ్లు ఆ అయిదు రూపాయల అన్నం తినేవాడు ఏం తిన్నాడో ఏ మేనిఫెస్టోలోనూ ఉండదు. మా ఊళ్లోని హెల్త్ యూనివర్సిటీకి ఎన్టీఆర్ పేరు తీసేసి 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. విచిత్రమేంటంటే, అదే 2022లో ఏప్రిల్‌లో అదే ప్రభుత్వం మా విజయవాడ జిల్లాకి ఎన్టీఆర్ జిల్లా అని పేరు పెట్టింది! ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకోవడమంటే ఇదే. అమరావతికి భూములిచ్చిన రైతులు 2019 డిసెంబరు నుంచి రోడ్డు మీద కూర్చున్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రోల్‌బ్యాక్ మా అక్క దగ్గరికి వచ్చింది. అక్క గ్రామ వాలంటీరు. నెలకి 5,000. దాదాపు యాభై ఇళ్లు ఆమె బాధ్యత. ఒకటో తారీకు తెల్లారకముందే లేచి ముసలివాళ్ల తలుపులు కొట్టి పెన్షన్ ఇచ్చొచ్చేది. వాలంటీర్లంటే పార్టీ మనుషులే అని మేమంతా అనుకునేవాళ్లం, నేనూ అన్నాను. ఎన్నికల ముందు పదివేలు చేస్తామని ఇటువైపు నుంచి కూడా మాటొచ్చింది. తీరా ఫలితాలొచ్చాక ఆ వ్యవస్థే ముందుకి సాగలేదు. పెన్షన్ 4,000 అయింది. జులై 1న పాత బకాయిలతో కలిపి 7,000 ఇచ్చారు, మా వీధిలో ముసలివాళ్ల మొహాలు వెలిగిపోయాయి, అది కూడా నిజమే. ఆ డబ్బులు పంచింది మాత్రం సచివాలయం ఉద్యోగులు.

నా క్రికెట్ టీము జోకు వచ్చినప్పుడు అక్క ఫోను చూస్తూ ఏం లెక్కపెట్టుకుంటోందో నాకిప్పుడు అర్థమవుతోంది.

---

జులై రెండో వారంలో వెళ్లాను. బెంజ్ సర్కిల్లో బందరు బస్సెక్కి, పటమట, కానూరు, పోరంకి, కంకిపాడు. అమ్మ గోంగూర పచ్చడి సీసా ఇచ్చింది. రాయబారానికి వెళ్లేవాడికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

మావయ్య అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి పేపరు దించలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఓ అయిదు నిమిషాలు గడిచాయి.

"మావయ్యా, ఆ రోజు నేను అలా పెట్టకుండా ఉండాల్సింది."

"దాన్దేముంది. గెలిచినోళ్లు అంటారు, ఓడినోళ్లు పడతారు." పేపరు తిప్పాడు. "పంతొమ్మిదిలో నేనూ మీ నాన్నని అన్నానుగా."

నాకు తెలీదు ఆ సంగతి. నాన్న ఎప్పుడూ చెప్పలేదు. 2019 మే 23న ఫోన్ చేసి "బావా, ఇరవై మూడో తారీకు, ఇరవై మూడు సీట్లు" అన్నాట్ట. నాన్న ఆ తర్వాత ఆర్నెల్లు ఈ ఊరు రాలేదు. పని ఒత్తిడి అని మాకు చెప్పాడు. ఆటోనగర్‌లో అప్పట్లో పనే లేదు మరి!

భోజనానికి లేచాం. మావయ్య చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. అత్తయ్య వంటింట్లో అన్నం వారుస్తూ గొంతు తగ్గించింది.

"ఒరే, నీకొకటి చెప్తాను, మీ మావయ్య దగ్గర మాత్రం అనకు. ఈసారి నేను అటెయ్యలేదు."

నేను గరిట అందుకోబోతూ ఆగిపోయాను.

"పొలం పాస్‌బుక్కు కొత్తది ఇచ్చార్రా. అట్ట మీద ఆయన ఫొటో. మా మావగారు ఎన్ని ఎండలకి ఎండితే నిలబడిన పొలం అది. దాని మీద ఎవరి ఫొటోనో ఏంటి? ఎవరిదైనా సరే, ఏంటసలు? పైగా ఆ కొత్త చట్టం అన్నారు, ఏవేవో అన్నారు. భయమేసింది. వెళ్లి నొక్కేశాను." కాసేపు ఆగింది. "కోడలి అయిదువేలు పోతాయని తెలీదురా. పదివేలు చేస్తామన్నారుగా. అది రోజూ మిషను తొక్కుతూ కూర్చుంటే చూళ్లేకపోతున్నాను. దానికీ చెప్పలేను, ఆయనకీ చెప్పలేను."

నా ఎక్సెల్‌లో పదిమందిలో మనసు మార్చుకున్న ఆ ఒక్కళ్లు ఎవరా అని నెల రోజులు వెతికాను. టీవీ చర్చల్లో కులాల వారీగా, ప్రాంతాల వారీగా, వయసుల వారీగా పట్టికలు వేసి చూపించారు. ఆ ఒక్కరు అత్తయ్య అని, మా బంధువుల్లోనే ఉందని, గ్రూపులో మాత్రం ఎప్పుడూ ఒక్క మాట కూడా రాయలేదని ఏ పట్టికలోనూ లేదు. జోకు నేను మావయ్య మీద వేశాననుకున్నాను. గెలిపించినావిడ, నొప్పి తగిలినావిడ కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు.

(బంధువులెవరైనా ఇది చదువుతుంటే: నాకు అత్తయ్యలు అయిదుగురు. గుర్తులు కొన్ని మార్చాను. అనవసరంగా ఆరా తియ్యకండి :))

ఆ పాస్‌బుక్కుల మీద తర్వాత రాజముద్ర వేస్తామన్నారు, భూహక్కు చట్టాన్ని కూడా 2024లోనే రద్దు చేశారు. అత్తయ్య ఓటు పని చేసిందనే చెప్పాలి. అక్క అయిదువేలు మాత్రం రాలేదు. ఒకే ఓటుకి రెండు ఫలితాలు. దీన్ని గెలుపు గడిలో వెయ్యాలో, ఓటమి గడిలో వెయ్యాలో నాకు తెలియక ఆ ఎక్సెల్‌ని అలాగే మూసేశాను.

ప్రభుత్వాలకి నేను చెప్పేంతటివాణ్ణి కాదు. ఒక్కటి మాత్రం అనిపిస్తుంది. 164 వచ్చినవాళ్లకైనా, 151 వచ్చినవాళ్లకైనా, అవతల ఎప్పుడూ ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. ఇవతల ఉన్నవాళ్లలో కూడా ఒక అత్తయ్య అన్నం వారుస్తూ ఆలోచిస్తూనే ఉంటుంది.

సాయంత్రం బయలుదేరుతుంటే మావయ్య బస్టాపుదాకా వచ్చాడు. బస్సెక్కాక కిటికీ దగ్గరకొచ్చి, "ఒరే, ఆ గ్రూపులో మళ్లీ నన్ను చేర్చొద్దు. పొద్దున్నే గుడ్ మార్నింగులు తట్టుకోలేకపోతున్నా. ఏదన్నా ఉంటే ఫోన్ చెయ్యి" అన్నాడు.

గ్రూపులో ఇప్పటికీ నలభై మందే ఉన్నారు. ఆదివారాలు మాత్రం ఫోన్ చేస్తున్నాను.